సలహా సంఘంలో రైతు కుర్చీ ఖాళీ: మా ల్యాబ్ నుంచి మీకు చెప్పాల్సిన సంగతి

భీమవరం, ఉండి, ఆకివీడు వైపు నుంచి మా ల్యాబ్‌కి నీళ్ళు, సీడ్ (రొయ్య పిల్లలు) తెచ్చే రొయ్య రైతులందరికీ నమస్కారమండీ.

ఈ సీజన్‌లో మీలో ఎక్కువమంది అడిగింది ఒకటే. ఈహెచ్‌పీ, అంటే రొయ్యను ఎదగనివ్వని సూక్ష్మజీవి జబ్బు విషయంలో మన నల్లమట్టికి, మన బోరు నీటికి సరిపోయే సిఫార్సు ఎప్పుడొస్తుందని. పోయిన పంటలో మీరు చెప్పిన వివరాలన్నీ రాశాం. మన పంటకు సంబంధించిన ఒక పరిశోధన సంస్థ సలహా సంఘంలో రైతు ప్రతినిధులు ఉంటారు, వాళ్ళ ద్వారా పంపుదామని అనుకున్నాం. ఆ ప్రతినిధుల గడువు అయిపోయింది. కొత్త పేర్లు రాలేదు. కాగితాలు మా దగ్గరే ఉన్నాయి. ‘త్వరలో వచ్చేస్తుందండీ’ అని చెప్పి మీ చేత చెరువు వేయించడం నాకు ఇష్టం లేదు.

ఈ సంఘాల గురించి చాలామందికి తెలియదు కాబట్టి కొంచెం చెబుతాను. మత్స్య పరిశోధన సంస్థలు ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) కింద ఉన్నాయి. సముద్ర చేపలకు కొచ్చిలో, మంచినీటి చేపలకు భువనేశ్వర్‌లో, ఉప్పునీటి సాగుకు చెన్నైలో, ఇలా. ఒక్కోదానికి ఒక పరిశోధన సలహా సంఘం. బయటి శాస్త్రవేత్త ఒకరు అధ్యక్షత వహిస్తారు, నిపుణులు ఉంటారు, డైరెక్టర్ ఉంటారు. వాళ్ళతోపాటు వ్యవసాయ, గ్రామీణ ప్రాంతాల తరఫున మాట్లాడటానికి ఇద్దరు. ఆ ఇద్దరూ సంస్థ మేనేజ్‌మెంట్ కమిటీ నుంచి వస్తారు. వాళ్ళను నామినేట్ చేయాల్సింది ఐసీఏఆర్ అధ్యక్షులు, అంటే కేంద్ర వ్యవసాయ మంత్రి. గడువు మూడేళ్ళు. ఫైలు ఒక ఏడాది ఆగితే అందులో మూడో వంతు మన మాట లేకుండానే గడిచిపోతుంది. 2019లో మత్స్యశాఖకు వేరే మంత్రిత్వ శాఖ వచ్చింది గానీ, పరిశోధన మాత్రం వ్యవసాయ శాఖ వైపే ఉండిపోయింది. పథకాలు ఒక చోట, పరిశోధన ఇంకో చోట. ఎవరిని అడగాలో రైతుకి అక్కడే తికమక.

ఇద్దరు రైతులు లేకపోతే ఏమవుతుంది, శాస్త్రవేత్తలు ఉన్నారు కదా అని ఒక పెద్దాయన అడిగారు. వాళ్ళ పని వాళ్ళు చేస్తూనే ఉన్నారు, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఈహెచ్‌పీ సంగతే చూడండి. అది వైట్ స్పాట్ (తెల్లమచ్చ జబ్బు) లాగా నాలుగు రోజుల్లో చెరువు ఖాళీ చేయదు. రొయ్య బతికే ఉంటుంది, మేత తింటుంది, పెరగదు. ఒకే చెరువులో ఒకటి 50 కౌంట్ (కిలోకి 50 తూగే సైజు), పక్కది 120 కౌంట్. మేత బిల్లు, కరెంటు బిల్లు మాత్రం ఆగవు. దాని బీజాలు అడుగు మట్టిలో మిగిలిపోయి తర్వాతి పంటకి ఎక్కుతాయి. అందుకు పుస్తకాల్లో ఉన్న సలహా: చెరువు ఎండబెట్టి, హెక్టారుకు ఆరు టన్నుల కాల్చిన సున్నం మట్టిలో దున్ని, తడిపి, పీహెచ్‌ని 12 దాకా తీసుకెళ్ళాలి. ఎకరానికి దాదాపు రెండున్నర టన్నులు. సలహా మంచిదే. మరి లీజు చెరువులో, వచ్చే ఏడాది మనకే ఇస్తారో లేదో తెలియనప్పుడు, అంత సున్నం ఎవరు వేస్తారు? వేసినా, పక్క చెరువు నీళ్ళు వదిలే కాలవలోంచే మనమూ నీళ్ళు తోడుకుంటే ఏం లాభం? తక్కువ ఉప్పు ఉన్న బోరు నీటిలో పొటాషియం, మెగ్నీషియం చాలక రొయ్య ముందే నీరసంగా ఉంటే, పెరగకపోవడం ఈహెచ్‌పీ వల్లో, నీటి వల్లో ఎలా తెలుస్తుంది? ఇవి బల్ల మీద పెట్టాల్సిన ప్రశ్నలు. గట్టు మీద రాత్రిళ్ళు ఏరేటర్ (నీళ్ళలో గాలి కలిపే యంత్రం) కాపలా కాసినవాళ్ళకి ఇవి ముందు తడతాయి. మనం పెంచే వనామీ రకం రొయ్యకి మన దేశంలో 2009లో అనుమతి ఇచ్చారు. ఇన్నేళ్ళ సాగులో మన డెల్టా రైతు నేర్చుకున్నది ఆ సలహా సంఘం గదిలోకి వెళ్ళడానికి ఉన్న దారి ఇదే, అదీ మూసుకుని ఉంటే బాధగా ఉంటుంది.

ఇక మా వైపు నుంచి ఏం చేస్తున్నామో చెబుతాను. ‘ఈహెచ్‌పీకి గ్యారంటీ’ అని డబ్బా మీద రాసి, ఎక్కడ, ఎన్ని చెరువుల్లో పరీక్షించారో చూపించలేని మందులు ఇకనుంచి మా కౌంటర్‌లో ఉండవు. వాటి మీద మాకు మార్జిన్ బాగానే వచ్చేది, అయినా ఆపేస్తున్నాం. మీలో కొందరికి కోపం రావచ్చు, పక్క షాపులో దొరుకుతుందనీ తెలుసు. సీడ్‌కి పీసీఆర్ టెస్ట్ (జబ్బు క్రిమి ఉందో లేదో చూసే జన్యు పరీక్ష) ఎప్పటిలాగే చేస్తాం, రేటు పెంచడం లేదు. పట్టుబడి (రొయ్య పట్టడం) అయిన వెంటనే అడుగు మట్టి కూడా తెచ్చి చూపించుకోండి. సున్నానికి డబ్బు పెట్టాలా వద్దా అనేది అప్పుడు తేలుతుంది.

నియామకం కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా, మీ వివరాలను నేరుగా సంస్థ డైరెక్టర్‌కి పోస్టులో పంపుతున్నాం. ఖాళీలు త్వరగా నింపమని వ్యవసాయ మంత్రిత్వ శాఖకి ఇంకో ఉత్తరం, మన ఎంపీ గారికి దాని కాపీ. సంతకం చేయదలచినవాళ్ళు ల్యాబ్‌కి రండి. చెరువు విస్తీర్ణం, నీటి ఉప్పు శాతం, ఎన్నో రోజున పెరుగుదల ఆగింది, ఎంత కౌంట్‌లో పట్టారు, ఈ నాలుగూ రాసుకొస్తే చాలు. మీ పేరు, ఊరు బయటపెట్టకూడదంటే చెప్పండి, తీసేసి పంపుతాం. మట్టి శాంపిల్ మాత్రం మధ్య కాలువ దగ్గర, ఏరేటర్ల వెనక, తూము దగ్గర విడివిడిగా తీసి, కవర్ల మీద రాసి తేవాలి. ఉదయం పూట తెస్తే అదే రోజు పనిలో పెట్టేస్తాం.