ఆదివారం సమావేశం: హాలుకు ర్యాంపు, సదరం (వైకల్య ధ్రువీకరణ) పత్రాలు

కాలనీ సభ్యులందరికీ నమస్కారం.

శారీరక వైకల్యం ఉన్నవారి అవసరాల గురించి మాట్లాడుకోవడానికి ఈ ఆదివారం ఉదయం 10 గంటలకు కమ్యూనిటీ హాలులో సమావేశం ఉంటుంది. ఇంటికి ఒకరైనా తప్పక రావాలి.

వైకల్యం అనగానే మనకు పోలియోయే గుర్తుకొస్తుంది గాని, పక్షవాతంతో కాలు చేయి పడిపోయినవారు, మధుమేహం ముదిరి కాలు తీసేయించుకున్నవారు, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు అదుపు తప్పడం), కండరాల క్షీణత ఉన్న పిల్లలు కూడా మన మధ్యే ఉన్నారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం మొత్తం 21 రకాల వైకల్యాలను గుర్తించింది.

హాలు మెట్టు ఎత్తు ఆరు అంగుళాలు కనుక, అంగుళానికి అడుగు చొప్పున ర్యాంపు పొడవు కనీసం ఆరడుగులు ఉండాలి. అంతకంటే నిటారుగా కడితే చక్రాల కుర్చీ ఎక్కించడం కష్టం, దించడం మరీ ప్రమాదం. అటువంటి ర్యాంపు ఫొటోలకే పనికొస్తుంది. పక్కన చేతికి ఊతంగా కమ్మీ కూడా వేయించాలని నా ఉద్దేశం.

సదరం ధ్రువపత్రం లేనివారు వైద్య పరీక్షకు స్లాటు బుకింగు కోసం ఆధార్ కార్డు, ఆ నంబరుకు అనుసంధానమైన ఫోను వెంట తెచ్చుకోండి. పత్రంలో వైకల్యం 40 శాతం, ఆపైన నమోదైతేనే చాలా పథకాలు వర్తిస్తాయి.

గంటస్తంభం వైపు నుంచి వచ్చేవారు బళ్లు వీధి చివరే నిలపండి. హాలు ముందు స్థలం దివ్యాంగుల మూడు చక్రాల బళ్లకు వదలాలి.

రాలేనివారు శనివారం సాయంత్రంలోగా ఇక్కడే తెలియజేయగలరు.

కార్యదర్శి, విజయనగరం