పద్నాలుగో సవరణ రాసిన ప్లీడరు

చిన్నతల్లీ,

క్లాసులో మన రాజ్యాంగం పద్నాలుగో అధికరణం మొదలుపెట్టారని చెప్పావు. అందులో "చట్టాల సమాన రక్షణ" అన్న మాట అమెరికా పద్నాలుగో సవరణ నుంచి వచ్చిందని నోట్సులో ఒక్క ముక్క రాసుకుని వదిలేయకు. ఆ మాట కూర్చినాయన పేరు జాన్ బింగ్‌హామ్. ఆయన ఎక్కడ తడబడ్డాడో, ఎలా దిద్దుకున్నాడో తెలిస్తే ఆ వాక్యం నీకు కంఠతా పట్టకుండానే వస్తుంది.

పుట్టింది 1815లో, పెన్సిల్వేనియాలో. కుర్రతనంలో అచ్చుపని నేర్చుకున్నాడు. 1840లో ప్లీడరై, ఒహాయోలోని కాడిజ్ అనే చిన్న ఊళ్లో స్థిరపడ్డాడు. 1854లో ప్రతినిధుల సభకు గెలిచాడు, 1862లో ఓడాడు, 1864లో మళ్లీ గెలిచాడు. లింకన్ హత్య కేసులో సైనిక కమిషన్ ముందు ప్రభుత్వం తరఫున వాదించిన ముగ్గురిలో ఈయనొకడు.

అసలు పని 1866లో జరిగింది. అప్పటికి చిక్కేమిటంటే, వాక్ స్వాతంత్ర్యం లాంటి హక్కుల పట్టిక కేంద్రాన్నే కట్టడి చేస్తుంది కానీ రాష్ట్రాలను కాదని 1833లో బారన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. అందుకే బానిసత్వం పోయాక కూడా దక్షిణాది రాష్ట్రాలు నల్లవాళ్లను అణిచే చట్టాలు చేయగలిగాయి. ఆ ఏడాది వచ్చిన పౌరహక్కుల బిల్లుకు బింగ్‌హామ్ వ్యతిరేకంగా ఓటేశాడు. ఉద్దేశం నచ్చక కాదు, అలాంటి చట్టం చేసే అధికారం కాంగ్రెస్‌కు, అంటే అమెరికా పార్లమెంటుకు, లేదని, ముందు రాజ్యాంగాన్నే సవరించాలని ఆయన పట్టు. ఇది చదివి చాలామంది ఆయన్ని పొరబాటుగా అంచనా వేస్తారు.

ఫిబ్రవరిలో తెచ్చిన తొలి ముసాయిదా "కాంగ్రెస్‌కు అధికారం ఉంటుంది" అని మొదలైంది. న్యూయార్క్ సభ్యుడు హాచ్‌కిస్ లోపం పట్టుకున్నాడు: హక్కును కాంగ్రెస్ దయకు వదిలేస్తే, రేపు వేరేవాళ్లకు మెజారిటీ వచ్చినప్పుడు దానికి దిక్కెవరు? ముసాయిదా వాయిదా పడింది. బింగ్‌హామ్ వాక్యాన్ని తిరగేసి రాశాడు: "ఏ రాష్ట్రమూ... చేయరాదు." ఇప్పుడు హక్కు రాజ్యాంగంలోనే నిలిచింది, కోర్టుకెక్కితే చాలు. కాంగ్రెస్ అధికారం అయిదో సెక్షన్‌కు వెళ్లింది. ముసాయిదా రాయడం నేర్చుకోవాలంటే ఈ రెండు పాఠాలనూ పక్కపక్కన పెట్టుకుని చూడు.

ఇంకో సంగతి గమనించు. ఆ వాక్యంలో "ప్రత్యేక హక్కులు" అన్నచోట "పౌరులు" అని ఉంటుంది. "న్యాయప్రక్రియ", "సమాన రక్షణ" అన్నచోట "ఏ వ్యక్తికైనా" అని ఉంటుంది. ఆ తేడా వల్లే 1886లో శాన్‌ఫ్రాన్సిస్కోలో చాకిరేవు నడిపే యిక్ వో, అమెరికా పౌరుడు కాకపోయినా, కేసు గెలిచాడు. పుట్టుకతో పౌరసత్వం ఇచ్చే మొదటి వాక్యం మాత్రం బింగ్‌హామ్‌ది కాదు, సెనేట్‌లో చేరింది. పరీక్షలో కలిపేయకు.

సవరణ 1868లో ఆమోదం పొందింది. కోర్టులు దాన్ని రెండుచోట్ల కుదించాయి. 1873లో స్లాటర్‌హౌస్ కేసులో 5-4తో "ప్రత్యేక హక్కుల" భాగం దాదాపు ఉత్తదైపోయింది. 1883లో, "ఏ రాష్ట్రమూ" అన్నారు కాబట్టి సత్రాలూ రైళ్లూ నాటకశాలలూ నడిపే ప్రైవేటువాళ్ల వివక్షను కాంగ్రెస్ దీనికింద ఆపజాలదని 8-1తో తీర్పిచ్చారు. వాక్యానికి బలమిచ్చిన మాటే అలా దానికి గోడైంది. నాకు ఇప్పటికీ బాధేసే తీర్పు అది. అప్పటికి బింగ్‌హామ్ రాయబారిగా జపాన్‌లో ఉన్నాడు. 1873 నుంచి 1885 దాకా అక్కడే. క్రెడిట్ మోబిలియే రైల్వే వాటాల కుంభకోణంలో ఆయన పేరూ వినిపించింది, అదీ రాసుకో. 1900లో కాడిజ్‌లో పోయాడు. 1947లో జస్టిస్ బ్లాక్ ఒక అసమ్మతి తీర్పులో ఆయన్ని ఈ సవరణ మొదటి సెక్షన్‌కు మాడిసన్ అన్నాడు (మాడిసన్ అంటే అమెరికా హక్కుల పట్టికను ముసాయిదా రాసినాయన).

ఇక మన రాజ్యాంగం తెరువు. పద్నాలుగో అధికరణం "రాజ్యం" అనే, అంటే ప్రభుత్వం అనే, మొదలవుతుంది. పక్కనే, పౌరుల మీద వివక్ష కూడని చోట్లు చెప్పే 15(2) చూడు: దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు. అక్కడ నిషేధం "రాజ్యం" ఒక్కదాని మీదే పెట్టలేదు. అంటరానితనాన్ని రద్దు చేసే 17లోనూ అంతే. 1883 తీర్పు చదివాక ఆ రెండూ మళ్లీ చదివి, నీకేం తోచిందో రాయి.

ప్రేమతో,
అమ్మ