కాజోన్ కాదండీ, కహోన్

సంపాదకుల వారికి నమస్కారం.

సల్సా బృందాల మీదో, టాంగో కచేరీల మీదో మీ పత్రికలో వార్త వస్తే అందులోని వాద్యాల పేర్లు ఒక పట్టాన పోల్చుకోలేకపోతున్నాం. కహోన్ కాజోన్ అవుతోంది, తింబాలెస్ టింబేల్స్ అవుతోంది. గ్వీరో ఒక రోజు గైరో, ఇంకో రోజు గుయిరో. రాసేవారి తప్పని అనలేం. వార్త ఇంగ్లీషు ఏజెన్సీ నుంచి వస్తుంది, పేరేమో స్పానిష్‌ది, డెస్కులో ఉన్నవారు దాన్నీ ఇంగ్లీషు మాటలాగే చదివి తెలుగులో పెట్టేస్తారు. మధ్యలోని ఆ ఇంగ్లీషును తప్పిస్తే ఈ పేర్లు తెలుగు లిపిలో హాయిగా ఒదుగుతాయి. ఎలాగో చెప్పడానికే ఈ ఉత్తరం.

మొదట త, ద. నాలుక మడిచి పలికే ట, డ స్పానిష్‌లో లేవు. పళ్లకు ఆనించి పలికే త, దలే ఉన్నాయి. మనకు రెండు వరుసలూ ఉన్నాయి కాబట్టి సరైనది ఎంచుకుంటే చాలు. తంబోర, తింబాలెస్, తుంబదోర, క్వాత్రో, త్రెస్, రెకింతో: వీటిలో ఎక్కడా ట రాదు. ‘జె’ అక్షరాన్ని గొంతులోంచి హ అని పలుకుతారు. అందుకే పైన కూర్చుని వాయించే పెరూ చెక్కపెట్టె కహోన్, మెక్సికోలో వాయించే చిన్న గిటార్ హరాన, ఎండబెట్టిన గాడిద దవడ ఎముక కిహాద, బాస్ బాహో. ‘హెచ్’ అసలు పలకదు. ‘వి’ మాట మొదట్లో వస్తే బ. ఈ రెండూ కలిసి వచ్చిన పేరు ఒకటుంది. మెక్సికో మరియాచి బృందాల్లో వాయించే 5 తీగల చిన్న వాద్యం బివేల. దాన్ని విహుయేలా అని రాస్తే రెండు చోట్ల తప్పినట్టే. ‘జెడ్’ లాటిన్ అమెరికాలో స. ‘ఇ’, ‘ఐ’ అక్షరాల ముందు ‘సి’ కూడా అంతే. ‘ఎన్’ మీద అలలాంటి గీత ఉంటే న్య. అందుకని ఆండీస్ కొండల గొట్టాల పిల్లనగ్రోవి సంపోన్య, పశువుల మెడగంట పేరుతో పిలిచే ఇనుప గంట సెన్సెర్రో.

గిటార్, పియానో, టాంగో తెలుగులో ఎప్పుడో కుదురుకున్నాయి. వాటిని ఇప్పుడు గితార్ర, తంగో అని దిద్దబోతే పాఠకులు నవ్వుతారు. ఈ జాగ్రత్తంతా కొత్తగా వచ్చే పేర్లకే.

దీర్ఘం ఎక్కడ పెట్టాలన్నది తర్వాతి చిక్కు. మనలా హ్రస్వ దీర్ఘాల తేడా స్పానిష్‌కు లేదు గానీ, ప్రతి మాటలో ఒక అక్షరం మీద ఊనిక ఉంటుంది. మాట అచ్చుతోనో, ‘ఎన్’, ‘ఎస్’లతోనో ముగిస్తే చివరి నుంచి రెండో అక్షరం మీద, వేరే హల్లుతో ముగిస్తే చివరి అక్షరం మీద. ఈ లెక్క తప్పే మాటల్లో అచ్చు మీద ఏటవాలు గీత పెట్టి చూపిస్తారు. ఊనిక ఉన్నచోట మనం దీర్ఘం ఇస్తే పలుకు దగ్గరగా వస్తుంది. చేతిలో ఆడించే గిలకలను మరాకస్ అనాలి, మారకాస్ అనకూడదు. కంపాన, కేన, హరాన కూడా ఈ లెక్కే. బొంగో, కహోన్, బందొనెయోన్, గితర్రోన్ పేర్లలో గీత చివరి అచ్చు మీద ఉంది కాబట్టి దీర్ఘం చివరే.

ఏజెన్సీ కాపీలో ఈ గీతలూ చుక్కలూ రాలిపోతుంటాయి. సగం తప్పులు పుట్టేది అక్కడే. గ్వీరోనే చూడండి. స్పానిష్‌లో ‘జి’ పక్కన ‘యు’, దాని పక్కన ‘ఐ’ వస్తే ‘యు’ మూగబోయి గి అవుతుంది. గిటార్‌లో జరిగింది అదే. ‘యు’ను పలకాలంటే దాని నెత్తిన రెండు చుక్కలు పెడతారు, అప్పుడు గ్వి. చుక్కలు పోయిన కాపీ చూసిన మనిషి గిరో అనో, గైరో అనో, గుయిరో అనో రాయక ఏం చేస్తాడు?

ఈ గీకుడు వాద్యాల్లో ఇంకో పొరపాటు కూడా జరుగుతోంది. గ్వీరో అంటే ఎండిన సొరకాయ బుర్ర. పైన అడ్డంగా గాట్లు, పట్టుకోవడానికి వేళ్లు దూరే రంధ్రాలు ఉంటాయి. చివరి అక్షరం మారి గ్వీర అయితే వస్తువే మారిపోతుంది. అది డొమినికన్ రిపబ్లిక్‌లో మెరెంగే పాటలకు వాయించే లోహపు గొట్టం, ఒళ్లంతా మేకుతో పొడిచినట్టు బొడిపెలు. కొలంబియాలో కుంబియా, వయెనాతో పాటలకు వాయించేది గుఅచరాక. గాట్లు పెట్టిన సన్నటి కర్ర అది, తీగ పళ్ల ఫోర్కుతో గీకుతారు. అదే పేరు గల పక్షి కూతలా వినిపిస్తుంది కాబట్టి ఆ పేరు. మూడింటినీ గ్వీరో అని రాస్తే మూడు దేశాలను కలిపేసినట్టు.

బహువచనాల దగ్గర కొంచెం ఆగాలి. మరాకస్ అన్నది అప్పటికే బహువచనం, ఒక్కటైతే మరాక. మరాకస్‌లు అంటే లు రెండుసార్లు తగిలించినట్టు. క్లావెస్, తింబాలెస్ సంగతీ ఇంతే. బొంగో మాత్రం తిరగబడి ఉంటుంది. క్యూబాలో రెండు డప్పుల జంటనంతా కలిపి ఏకవచనంలో బొంగో అంటారు. కాబట్టి ఒక వాద్యకారుడు బొంగో వాయించాడు అని రాయడమే ఒప్పు. అతన్ని బొంగొసేరో అంటారు. కొంగ అనే పొడవాటి డోలు వాయించేవాడు కొంగేరో, తింబాలెస్ వాయించేవాడు తింబలేరో, త్రెస్ వాయించేవాడు త్రెసేరో.

కొంగ అంటే మనకు పక్షి గుర్తుకు రావడం ఖాయం. అందుకని కాంగా అని సాగదీయడంలో అర్థముంది, దానిమీద పట్టుబట్టం. క్యూబాలో ఎలాగూ దాన్ని తుంబదోర అంటారు, అక్కడ కొంగ అంటే ముందు గుర్తొచ్చేది కార్నివాల్ ఊరేగింపు నాట్యం. జతలో సన్నగా మోగేది కింతో, నడిమిది కొంగ లేదా త్రెస్ దోస్, మంద్రంలో మోగేది తుంబ. బజారులో దొరికేవాటి మూతి కొలతలు సుమారు 11, 11¾, 12½ అంగుళాలు. పూర్వం చర్మాన్ని మేకులతో కొట్టి, శ్రుతి దిగినప్పుడల్లా మంట దగ్గర కాచేవారు. తర్వాత ఇనుప బిగింపులు వచ్చాయి.

తర్జుమా చేసేవారు ఎక్కువగా బోల్తా పడేది మగ, ఆడ పేర్ల దగ్గర. బొంగోలో ఒకటి మాచో, అంటే మగది. ఇంకోటి ఎంబ్ర, అంటే ఆడది. మగది అనగానే పెద్దది, గంభీరంగా మోగేది అనుకుని రాసేస్తారు. అక్కడ లెక్క తలకిందులు. మాచో చిన్నది, సుమారు 7 అంగుళాలు, బిర్రుగా బిగించి కీచుగా పలికిస్తారు. ఎంబ్ర సుమారు 8½ అంగుళాలు, కింది శ్రుతి. తింబాలెస్‌లోనూ అంతే, సాధారణంగా 14, 15 అంగుళాల జతలో చిన్నదే మాచో. కొలంబియా కరీబియన్ తీరపు గైతలకు మాత్రం ఈ లెక్క పనికిరాదు. ఆ పొడవాటి పిల్లనగ్రోవుల్లో రాగం పలికించేది 5 రంధ్రాల ఆడది. మగదానికి రంధ్రాలు 2. దాన్ని వాయించేవాడు ఒక చేత్తో గైత పట్టుకుని, రెండో చేత్తో మరాక ఆడిస్తాడు.

ఆ గైత పేరే ఇంకో ఉచ్చు. స్పెయిన్‌లో గైత అంటే తిత్తి ఊది వాయించే వాద్యం. వెనిజులాలోని సూలియ రాష్ట్రంలో గైత అంటే అసలు వాద్యం కాదు, ఒక పాటల రీతి. తంబోర డొమినికన్ రిపబ్లిక్‌లో ఒళ్లో అడ్డంగా పెట్టుకుని ఒక వైపు పుల్లతో, ఇంకో వైపు అరచేత్తో వాయించేది. కొలంబియాలో అదే పేరున్న పెద్ద డోలును రెండు పుల్లలతో చర్మం మీదా, చెక్క మీదా వాయిస్తారు. తింబాలెస్ సల్సాలో లోహపు చట్రమున్న జంట డోళ్లు. సింఫనీ కార్యక్రమ పత్రంలో అదే మాట ఉంటే పాశ్చాత్య ఆర్కెస్ట్రాలోని పెద్ద రాగి డోళ్లని అర్థం. నిజానికి క్యూబా తింబాలెస్ పుట్టింది కూడా దన్సోన్ అనే నాట్య సంగీతపు బృందాలు వాడిన ఆ డోళ్ల నుంచే. అక్కడ వీటికి పైలస్ అనే పేరూ ఉంది, అంటే బాణళ్లు.

అంకెల పేర్లను అంకెలుగా అనువదించవద్దు. త్రెస్ అంటే మూడు నిజమే, కానీ క్యూబా త్రెస్‌కు 6 తీగలు, 3 జతలుగా ఉంటాయి. సోల్, దో, మి అని శ్రుతి చేస్తారు. నడిమి జత ఒకే స్థాయిలో, అటూ ఇటూ ఉన్న జతలు మంద్ర, తార స్థాయిల్లో. మూడు తీగల గిటార్ అని రాస్తే ఫొటో చూసిన పాఠకుడే తప్పు పట్టుకుంటాడు. క్వాత్రో అంటే నాలుగు. వెనిజులా క్వాత్రోకు నిజంగానే 4 తీగలు. పోర్టోరికో క్వాత్రోకు 10, అవి 5 జతలు. ఉత్తర మెక్సికో వాద్యం బాహో సెక్స్తో పేరులో ఆరు ఉంది, తీగలు మాత్రం 12. రెకింతో అనే పేరు మరీ గందరగోళం. స నుంచి మ ఎంత ఎత్తో, మామూలు గిటార్ కంటే అంత పైన శ్రుతి చేసే చిన్న గిటార్ రెకింతో. కొమ్ముతో చేసిన పొడవాటి పుల్లతో మీటే వెరాక్రూజ్ వాద్యమూ రెకింతోనే. పోర్టోరికో ప్లేన పాటల్లో కంజిరలాంటి మూడు చేతి డప్పుల్లో అతి చిన్నదీ రెకింతోనే. ఏ దేశం వార్తో చూడకుండా ఈ మాట ముట్టుకోకూడదు.

క్లావెస్‌ను చిడతలు అని రాయడం చూసి ఇబ్బంది పడ్డాం. చిడతలు ఒకే చేతిలో ఇమిడి, మువ్వలతో గలగలమంటాయి. క్లావెస్ రెండు నున్నటి గట్టి కర్రలు, సుమారు 20 నుంచి 25 సెంటీమీటర్ల పొడవు, వీటికి మువ్వలుండవు. ఒక కర్రను వేళ్ల కొసల మీదా, అరచేతి మొదలు మీదా వదులుగా ఆనించి, కింద చెయ్యి దొప్పలా పట్టాలి. ఆ ఖాళీయే దానికి గుమ్మటం. రెండో కర్రతో సరిగ్గా నడుమ కొట్టాలి. పిడికిలి బిగించి పట్టుకుంటే కర్ర కంపించదు, టంగుమనాల్సింది టక్కుమంటుంది. కొత్తగా పట్టుకున్న ప్రతివాళ్లూ చేసే తప్పు ఇదే.

ఏకవచనంలో క్లావె అంటే ఒక కర్రే కాదు, ఆ కర్రలతో కొట్టే లయ కూడా. ‘క్లావె తప్పాడు’ అని వార్తలో వస్తే కర్ర జారిందని కాదు, బృందమంతా పట్టుకున్న లెక్క నుంచి పక్కకు పోయాడని. లెక్క చెప్పుకోవడం తేలికే. 16 మాత్రల్లో 5 దెబ్బలు: 1, 4, 7, 11, 13 మాత్రల మీద. దెబ్బకూ దెబ్బకూ మధ్య దూరం 3, 3, 4, 2, 4. ఇది సోన్ క్లావె. మూడో దెబ్బను ఒక్క మాత్ర ఆలస్యంగా, 8 మీదికి జరిపితే రుంబ క్లావె. మొదటి సగంలో 3 దెబ్బలు, రెండో సగంలో 2 పడితే మూడు రెండు అంటారు. రెండో సగంతో ఎత్తుకుంటే రెండు మూడు. పాట మధ్యలో ఈ వరుస తిప్పరు. పియానో, బాహో, గొంతు అన్నీ దాన్ని పట్టుకునే నడుస్తాయి.

దీని పక్కనే ఇంకో జాతి పేర్లు కాపీలో దొర్లుతుంటాయి: తుంబావో, మొంతూనో, కాస్కర, మార్తీయో, అబనీకో. ఇవి వాద్యాలు కావు. తుంబావో బాహో మీదా, తుంబదోర మీదా వాయించే నడక. మొంతూనో పాటలో పల్లవి తిరిగి తిరిగి వచ్చే భాగం. బొంగొసేరో ఆ భాగంలో బొంగో పక్కన పెట్టి కంపాన అనే చేతి గంట అందుకుంటాడు. మార్తీయో అంటే సుత్తి, బొంగో మీద ఆగకుండా సాగే మూల నడక. కాస్కర అంటే తొక్క, తింబాలెస్ చర్మం మీద కాకుండా చట్రం మీద పుల్లతో కొట్టే వరుస. అబనీకో అంటే విసనకర్ర, కొత్త భాగంలోకి తీసుకెళ్లే దెబ్బల జల్లు. పేరున్న న్యూయార్క్ తింబలేరో తితో పుయెంతే తింబాలెస్‌ను వేదిక ముందుకు తెచ్చి నిలబడి వాయించినప్పుడు వినిపించినవి ఇవే. ‘తొక్క అనే వాద్యం’ అని అచ్చయితే నవ్వాలో ఏడవాలో తెలియదు.

మొదట చెప్పిన కహోన్ సంగతి కాస్త. ఆ మాటకు పెద్ద పెట్టె అని అర్థం. ముందు పలక పల్చటి ప్లైవుడ్డు, వెనక పలకకు గుండ్రటి రంధ్రం. పలక నడిమికి దగ్గరగా అరచేత్తో కొడితే గుమ్మని, పై అంచున వేళ్లతో కొడితే చిటపటమని పలుకుతుంది. పై మూలల స్క్రూలు కొద్దిగా వదులు చేస్తే ఆ చిటపట పదునెక్కుతుంది, మరీ వదిలేస్తే పలక గరగరమంటుంది. లోపల తీగలుంటే అది స్పెయిన్ సంగీత రీతి ఫ్లమెంకో కోసం మార్చిన రకం. పెరూది తీగల్లేకుండానే ఉంటుంది. స్పెయిన్ గిటారిస్టు పాకో దె లుసీయ 1970ల చివర్లో పెరూ వెళ్లి చూసి తెచ్చుకున్నాకే అది ఫ్లమెంకోలోకి వచ్చింది. కాబట్టి కహోన్‌ను స్పెయిన్ సంప్రదాయ వాద్యం అని రాయకూడదు.

బందొనెయోన్ విషయంలో ఇందుకు ఎదురు పొరపాటు. టాంగో అర్జెంటీనాది గనక వాద్యమూ అక్కడిదే అనుకుంటారు. పేరు జర్మనీలోని క్రేఫెల్డ్ వాద్యాల వ్యాపారి హైన్రిఖ్ బాండ్ నుంచి వచ్చింది. టాంగోలో వాడేదానికి 71 మీటలు, కుడివైపు 38, ఎడమవైపు 33. తిత్తి తెరిచేటప్పుడు ఒక స్వరం, మూసేటప్పుడు ఇంకోటి, మొత్తం 142. దాన్ని అకార్డియన్ అని రాస్తే వాయించేవారికి కోపం వస్తుంది. హార్మోనియం అని రాస్తే ఏమవుతుందో చెప్పలేం.

డెస్కులో చేయాల్సింది పెద్ద పనేం కాదు. ముందు బృందం ఏ దేశానిదో చూడాలి. పేరును స్పానిష్ వర్ణక్రమంలో, గీతలూ చుక్కలతో సహా ఒకసారి సరిచూసుకోవాలి. మొదటిసారి పేరు వచ్చినప్పుడు అదేమిటో రెండు మూడు మాటల్లో చెప్పి, తర్వాత పేరుతోనే సాగిపోవచ్చు. ‘గ్వీర అనే లోహపు గీకుడు వాద్యం’ అంటే చాలు, ఫొటో కూడా అక్కర్లేదు.

బ్రెజిల్ వార్త వస్తే మాత్రం ఈ ఉత్తరం పక్కన పెట్టేయండి. అక్కడి భాష పోర్చుగీసు. ‘జె’ అక్కడ హ కాదు, మన జకు దగ్గరి ధ్వని. చివరి ‘ఓ’ ఉ అవుతుంది, ‘ఐ’ ముందు ‘టి’ చాలా చోట్ల చ అవుతుంది. కాబట్టి సాంబా డోలు సుర్దు, చిన్న నాలుగు తీగల వాద్యం కవకీన్యు.

ఇట్లు,
లాటిన్ తాళవాద్యాల అభ్యాసకులు, మీ పాఠకులు