మన అపార్ట్‌మెంటు భద్రతా పనులు: జమా ఖర్చుల వివరణ

ఫ్లాట్ల యజమానులకు, బాడుగకు ఉంటున్నవారికి, కింది షాపులవారికి నమస్కారం. కర్నూలు వన్‌టౌన్‌లోని మన బిల్డింగు భద్రత కోసం వసూలైన డబ్బు, పెట్టిన ఖర్చు ఇలా ఉన్నాయి.

ఫ్లాటుకు 6,000 చొప్పున 22 ఫ్లాట్ల నుంచి 1,32,000 రూపాయలు వచ్చాయి. మూడు షాపులవారు తలా 8,000 ఇచ్చారు, అది 24,000. మెయింటెనెన్సులో మిగిలిన 18,500 కలిపితే మొత్తం జమ 1,74,500. రెండు ఫ్లాట్లవారు ఇంకా ఇవ్వాలి.

పార్కింగులో బైకు పోయినప్పటి నుంచి అందరూ కెమెరాలే అడిగారు. డబ్బంతా ముందు వాటికే ఎందుకు పెట్టలేదని చాలామంది అన్నారు. జరిగిపోయినదాన్ని కెమెరా చూపిస్తుంది. వచ్చేవాణ్ణి ఆపాల్సింది గోడ, వెలుతురు, తలుపు. అందుకే కమిటీవాళ్ళం రాత్రిపూట టార్చి వేసుకుని బిల్డింగు చుట్టూ తిరిగాం. వెనక సందులో ఎవరో ఇల్లు కట్టగా మిగిలిన బేతంచెర్ల బండలు మన గోడకు ఆనించి దొంతరగా పడి ఉన్నాయి. వాటి మీద నిలబడితే గోడ నడుం దాకా కూడా రాలేదు. ఆ బండలు తీయించడానికి ట్రాక్టరు బాడుగ 1,200, గోడ రెండడుగులు లేపడానికి ఇటుకలు, సిమెంటు, మేస్త్రీ కూలి అన్నీ కలిపి 45,600 అయింది.

గేటు గడియ బయటి నుంచి చెయ్యి దూరిస్తే అందేది. లోపల రేకు కొట్టించి, తాళం మార్చడానికి 11,400.

లైట్లకు, వైరింగుకు 13,650. వాచ్‌మన్ గదిలో లైటు వెలుగుతూ బయట చీకటిగా ఉండేది. అంటే సందులోవాడికి ఆయన కనిపిస్తాడు, ఆయనకు మాత్రం ఏమీ కనిపించదు. ఇప్పుడు వెలుతురు గోడవైపు పడుతోంది. ఆయనకు ఫ్యాను, టార్చి, రెయిన్‌కోటు కొనడానికి 4,350 పెట్టాం. ఇది దండగ ఖర్చు అన్నవారితో మేం ఏకీభవించం. రాత్రంతా మన కోసం మేల్కొనే మనిషాయన.

మేడపై తలుపుకు రాత్రి తాళం వేయమని కొందరన్నారు. నిప్పంటుకుంటే మెట్ల నిండా పొగ కమ్ముకుంటుంది, తాళంచెవి కోసం ఎవరు వెతుకుతారు? లోపలి నుంచి తోస్తే తెరుచుకునే, బయటి నుంచి తెరుచుకోని గడియ పెట్టించాం, 6,200. ఇంటర్‌కమ్ రిపేరుకు, వచ్చిపోయేవాళ్ళ రిజిస్టరుకు 9,700.

చివరగా ఎనిమిది కెమెరాలు, వాటి దృశ్యాలను రికార్డు చేసే డీవీఆర్, హార్డ్‌డిస్కు, యూపీఎస్ కలిపి 52,900. వందమందికి పైగా గుమికూడే చోట్ల రికార్డింగును 30 రోజులు ఉంచాలని మన రాష్ట్ర ప్రజా భద్రతా చట్టం చెబుతోంది. మనమూ అదే లెక్కన హార్డ్‌డిస్కు తీసుకున్నాం. డీవీఆర్‌ను వాచ్‌మన్ గదిలో కాకుండా మొదటి అంతస్తులో తాళం వేసిన బీరువాలో పెట్టాం. దొంగ మొదట ఎత్తుకుపోయేది దాన్నే. పైగా 2009 అక్టోబరు వరదల్లో తుంగభద్ర, హంద్రి నీళ్ళు ఈ ఊళ్ళో ఎంత ఎత్తుకు వచ్చాయో చూసినవాళ్ళం. ఏ కెమెరా కూడా ఎవరి ఇంటి గుమ్మం వైపు తిరిగి లేదు. అనుమానం ఉన్నవారు వచ్చి స్క్రీను చూసుకోవచ్చు.

పండక్కి ఊరెళ్ళేవాళ్ళు పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ (తాళం వేసిన ఇళ్ళపై నిఘా పెట్టే ఏర్పాటు) గురించి స్టేషన్లో అడగండి. అది ఉచితం.

మొత్తం ఖర్చు 1,45,000. మిగిలిన 29,500 అసోసియేషన్ ఖాతాలో ఉంది, యూపీఎస్ బ్యాటరీకి, కెమెరాల రిపేర్లకు తప్ప తీయం. రావలసిన 12,000 వస్తే మెట్ల దగ్గర లైట్లు వేయిస్తాం. బిల్లులన్నీ ఆదివారం ఉదయం కార్యదర్శి ఇంట్లో చూడవచ్చు.