బ్యాక్టీరియా జన్యువు పేరు చెప్పి రైతును భయపెట్టకండి

సంపాదకులకు నమస్కారం.

జన్యు సవరణ వరి మీద మీ పేజీలో వస్తున్న ఉత్తరాలు వదలకుండా చదువుతున్నాను. అనుకూలంగా రాసేవారూ వ్యతిరేకంగా రాసేవారూ ఒక్క మాట దగ్గర మాత్రం కలుస్తున్నారు. మొక్కలో బ్యాక్టీరియా జన్యువు ఉండటం ప్రకృతి విరుద్ధమట. మా ఊళ్లోనూ ఇదే ప్రచారం. "వరిలోకి బ్యాక్టీరియా ఎక్కించారంట మాస్టారూ, ఆ అన్నం తింటే పిల్లలకి ఏమవుద్దో" అని మొన్న ఒక రైతు టెన్షన్ పడుతూ అడిగారు. ఇంటర్ పిల్లలకు బోటనీ చెప్పేవాణ్ని కాబట్టి ఆ ప్రశ్నను విని ఊరుకోలేకపోయాను.

ముందు ఆ రకాల సంగతి. 2025 మే నెలలో కేంద్ర వ్యవసాయ మంత్రి రెండు జన్యు సవరణ వరి రకాలను ప్రకటించారు. ఒకటి సాంబ మసూరి నుంచి హైదరాబాద్‌లో తయారైన డీఆర్‌ఆర్ ధాన్ 100. రెండోది ఢిల్లీ పూసా సంస్థ చేసిన పూసా డీఎస్‌టీ రైస్ 1. ఈ రెండోదాని తల్లి రకం మన మార్టేరు పరిశోధన కేంద్రం ఇచ్చిన ఎంటీయూ 1010, అంటే మనం కాటన్‌దొర సన్నాలు అని పిలిచే రకం. దీనిలోకి బయటి జన్యువు ఏదీ చేర్చలేదు. వరికి సొంతమైన డీఎస్‌టీ అనే జన్యువునే పనిచేయకుండా మార్చారు. దానివల్ల నీటి ఎద్దడినీ ఉప్పునూ మొక్క తట్టుకుంటుందని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. మార్చడానికి వాడిన, డీఎన్‌ఏను కోరిన చోట కత్తిరించే క్రిస్పర్ పద్ధతి మాత్రం బ్యాక్టీరియా నుంచి నేర్చుకున్నదే. తమ మీద దాడి చేసే వైరస్‌ల డీఎన్‌ఏను అవి అలాగే ముక్కలు చేస్తాయి.

కాబట్టి ఆ రైతు భయపడిన పని ఈ వరిలో జరగలేదు. కానీ ఏ శాస్త్రవేత్తా చెయ్యి పెట్టకముందే వరిలో బ్యాక్టీరియా జన్యువులు ఉన్నాయి. ఒకటీ రెండూ కాదు, వేల సంఖ్యలో ఉన్నాయి. ఆకుకు ఆ పచ్చదనం వచ్చిందే వాటి వల్ల.

నూరు కోట్ల ఏళ్లకు పైబడిన కథ ఇది. ఎండను పట్టి ఆహారం చేసుకునే ఒక బ్యాక్టీరియా, మన చేలల్లో కనిపించే నీలి ఆకుపచ్చ నాచుకు (పేరుకు నాచే గానీ అదీ బ్యాక్టీరియానే) పూర్వ బంధువు, మరో పెద్ద కణం లోపలికి చేరింది. అరిగిపోకుండా అక్కడే ఉండిపోయింది. కణం రెండైనప్పుడల్లా అదీ రెండవుతూ వచ్చింది. ఈనాడు మనం పత్రహరితం ఉండే హరితరేణువు అంటున్నది దాని సంతానాన్నే. 1967లో లిన్ మార్గులిస్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఈ సంగతి గట్టిగా వాదించినప్పుడు చాలామంది నమ్మలేదు. తర్వాత హరితరేణువులోని డీఎన్‌ఏను చదివి చూస్తే అది బ్యాక్టీరియా వంశానిదేనని తేలింది. వరి హరితరేణువు డీఎన్‌ఏను జపాన్ శాస్త్రవేత్తలు 1989లోనే పూర్తిగా చదివారు. దాని పొడవు సుమారు 1,34,500 అక్షరాలు. స్వేచ్ఛగా బతికే నీలి ఆకుపచ్చ నాచుకు వేలల్లో జన్యువులుంటే ఇందులో వంద పైచిలుకే మిగిలాయి.

మిగతావి కొన్ని పోయాయి, చాలా మటుకు మొక్క కణ కేంద్రకంలోకి చేరిపోయాయి. ఆవ కుటుంబానికి చెందిన ఒక చిన్న మొక్కను పరిశీలించి, దాని కేంద్రకంలోని జన్యువుల్లో దాదాపు 18 శాతం ఇలా వచ్చినవేనని 2002లో ఒక అంచనా వేశారు. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పట్టి గింజకు పిండిపదార్థంగా మార్చే పనిలో మొదటి అడుగు రుబిస్కో అనే ఎంజైముది. దాని పెద్ద భాగాన్ని తయారుచేసే జన్యువు హరితరేణువులో ఉంటే, చిన్న భాగాన్ని తయారుచేసేది కేంద్రకంలో ఉంది. రెండు చోట్ల తయారైన ముక్కలు కలిస్తేనే మన కంచంలోకి అన్నం.

ఈ రాకపోకలు ఆగిపోయాయని కూడా అనుకోకండి. 2003లో వరి పదో క్రోమోజోమును చదివినప్పుడు, అందులో హరితరేణువు డీఎన్‌ఏ దాదాపు మొత్తంగా అతుక్కుని కనిపించింది. అదే ఏడాది ఆస్ట్రేలియాలో పొగాకు మొక్క మీద చేసిన ప్రయోగంలో, సుమారు 16,000 పుప్పొడి రేణువుల్లో ఒకదానిలో హరితరేణువు జన్యువు కేంద్రకంలోకి దూకినట్టు తేలింది. అంటే ఒక్క పొలంలో ఒక్క పూత కాలంలో ఎన్నిసార్లు జరుగుతుందో ఊహించుకోవచ్చు.

ఇదంతా ఎక్కడి మాటో అనుకునేవారికి మన గోదావరి డెల్టాలోనే కళ్లారా చూసే వీలుంది. పశువుల దాణా కోసం తొట్టెల్లో పెంచే అజొల్లా అనే నీటి మొక్కను తీసుకోండి. ఒక చిన్న ఆకును గాజు పలక మీద పెట్టి నలిపి, ఒక చుక్క నీళ్లు వేసి మైక్రోస్కోపు కింద పెడితే, ఆకు గదిలోంచి నీలి ఆకుపచ్చ నాచు పూసల దండల్లా బయటికొస్తుంది. పూసల మధ్య అక్కడక్కడా కాస్త పెద్దగా, లేత రంగులో కనిపించేవే గాలిలోని నత్రజనిని పట్టే కణాలు. ఈ నాచు అజొల్లాను వదిలి బయట బతకలేదు, ఒక తరం నుంచి మరో తరానికి మొక్కతోపాటే వెళుతుంది. ఇది చూశాక మా పిల్లల్లో ఒక్కరు కూడా "బ్యాక్టీరియా అంటే జబ్బే కదా సార్" అని మళ్లీ అడగలేదు.

శివరాత్రి ఉపవాసానికి ఉడకబెట్టుకునే చిలగడదుంప మరో సాక్ష్యం. ఆగ్రోబ్యాక్టీరియం అనే నేల బ్యాక్టీరియా తన జన్యువుల్ని మొక్కలోకి చొప్పించగలదు. ప్రయోగశాలల్లో జీఎం పంటలకు, అంటే బయటి జన్యువు చేర్చిన పంటలకు, ఎక్కువగా వాడేది దీన్నే. బెల్జియం, పెరూ సంస్థల శాస్త్రవేత్తలు 291 సాగు చిలగడదుంప రకాలను పరీక్షించి, అన్నిటిలోనూ ఈ బ్యాక్టీరియా జన్యువులున్నాయని 2015లో ప్రకటించారు. ఏ మనిషీ చేర్చినవి కావవి. మన లంక పొగాకులోనూ ఇలాంటి ముక్కలున్నాయి.

2019లో ఇంకో సంగతి బయటపడింది. నేల మీది మొక్కలకు బాగా దగ్గరి చుట్టాలైన కొన్ని పచ్చ నాచుల జన్యువులను చదివితే, ఎండినా బతకడానికి అక్కరకొచ్చే రెండు జన్యు కుటుంబాలు నేల బ్యాక్టీరియా నుంచి వచ్చినట్టు తేలింది. వాటిలో ఒకటి, నీళ్లు తగ్గాయన్న సంకేతాన్ని అందుకునే కుటుంబం. కాలువ నీరు అందక చేను బెట్టకు వచ్చినప్పుడు వరి ఆకు తన రంధ్రాలు మూసుకోవడంలో ఈ పాత అరువుకు వాటా ఉంది.

ఇంత చెప్పానని, ప్రకృతిలో జరిగింది కాబట్టి ప్రయోగశాలలో జరిగేదంతా మంచిదేనని నేను అనడం లేదు. అదీ అంతే తప్పుడు వాదన. ప్రకృతిలో వచ్చిన జన్యువు లక్షల తరాల పాటు వడకట్టబడింది. మనం తెచ్చేది రెండు మూడేళ్ల పరీక్షలతో పొలానికి వస్తుంది. అందుకే ఏ రకానికి ఆ రకాన్ని విడిగా పరీక్షించాలి. నా బాధల్లా, జన్యువు ఎక్కడ పుట్టిందన్న గొడవలో పడి రైతుకు అసలు కావలసిన ప్రశ్నలు మరుగున పడిపోతున్నాయని.

ఉప్పును తట్టుకుంటుందంటున్నారు. ఎంత ఉప్పును? మన కోనసీమ తీరంలోని సఖినేటిపల్లి, అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన శివారు చేలల్లో వేసి చూశారా? సముద్రం పోటుకు మురుగు కాలువల్లోంచి ఉప్పునీరు ఎగదన్నే చోట, పక్కనే ఆక్వా చెరువులున్న చోట, మామూలు 1010తో పోలిస్తే ఎకరాకు ఎన్ని బస్తాలు తేడా? విత్తనం దాచుకుని మళ్లీ వేసుకునే హక్కు రైతుకు ఉంటుందా? క్రిస్పర్ మీద విదేశాల్లో పేటెంట్లున్నాయి, ఆ భారం చివరికి ఎవరి మీద పడుతుంది?

2010లో బ్యాక్టీరియా జన్యువు చేర్చిన బీటీ వంకాయను ఆపే ముందు అప్పటి కేంద్ర మంత్రి హైదరాబాద్‌తో సహా ఏడు నగరాల్లో జనం మాట విన్నారు. 2022 మార్చిలో వచ్చిన మినహాయింపు వల్ల, బయటి జన్యువు లేని సవరణ రకాలకు జీఎం పంటల నిబంధనలు చాలావరకు వర్తించడం లేదు. వర్తించకపోయినా వినడానికి అడ్డేముంది? ఎంటీయూ 1010 మార్టేరు బిడ్డ. దాని మార్పు రకాన్ని మన చేలకు తెచ్చే ముందు మార్టేరులోనూ, అమలాపురంలోనూ శివారు రైతులతో సభలు పెట్టాలి. పరీక్షల ఫలితాలు తెలుగులో అచ్చువేసి ప్రతి రైతు సేవా కేంద్రంలో గోడకు అంటించాలి. బాగా పండిన చోటే కాదు, పండని చోటి లెక్కలు కూడా అందులో ఉండాలి.

మీ పత్రికకూ ఒక మనవి. ఈసారి ఈ విషయం మీద వార్త వేసేటప్పుడు పురుగూ సూదీ బొమ్మ వేయకండి. మార్టేరు శాస్త్రవేత్తనూ, ఉప్పు చేనున్న ఒక రైతునూ పక్కపక్కన కూర్చోబెట్టి మాట్లాడించండి. ప్రశ్నలు కావాలంటే మా కాలేజీ పిల్లలు రాసిస్తారు.

ఇట్లు,
ఒక బోటనీ లెక్చరర్,
కోనసీమ