మా వ్యాసాలను మీ డిజైన్ నుంచి విడదీసి ఇవ్వండి

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

నమస్కారం. మీ వెబ్‌సైట్ సర్వీసులో నడుస్తున్న మా పత్రిక సైటు సమస్య గురించి మీకు రాయడం ఇది ఆరోసారి. ముందు పెట్టిన ఐదు టికెట్లనూ "పరిష్కరించాం" అంటూ మూసేశారు. ఒక్కదానికీ పరిష్కారం రాలేదు.

మేం అడిగింది మా పత్రిక సైటులో వరుసల మధ్య ఎడం పెంచమని. లైన్‌హైట్ (అక్షరం సైజుకు వరుస ఎత్తు ఎన్ని రెట్లో చెప్పే అంకె) 1.2 ఉండటంతో "రాష్ట్రం", "లక్ష్మి" లాంటి మాటల వత్తులు కింది వరుస గుడుల మీద పడుతున్నాయి. తెలుగుకు 1.6 అయినా ఉండాలి. సైటు రూపమంతా ఒకేచోట రాసి ఉండే స్టైల్‌షీటులో ఒక్క లైను దిద్దితే అయిపోవాల్సిన పని. దిద్దాం, ఏమీ మారలేదు. వ్యాసాలు ఎక్కించే మీ ఎడిటర్ ప్రోగ్రామ్ ప్రతి పేరా ట్యాగులోనూ (పేరా మొదట్లో ఉండే కోడ్‌లో) ఫాంటు, సైజు, రంగు, లైన్‌హైట్ రాసేస్తోంది. ట్యాగులో ఉన్నదే స్టైల్‌షీటు మీద నెగ్గుతుంది. స్టైల్‌షీటు మాటే నెగ్గేలా చేసే "ఇంపార్టెంట్" అనే గుర్తు తగిలిస్తే వచనం సర్దుకుంది గానీ పద్యాలకు విడిగా పెట్టుకున్న ఎడం పోయింది.

ఇదంతా మొదటి టికెట్‌లోనే రాశాం. దానికి మీ ఏజెంటు కాష్ క్లియర్ చేయమన్నారు. రెండో ఆయన వేరే బ్రౌజర్‌లో చూడమన్నారు. మూడో ఆవిడ స్క్రీన్‌షాట్లు అడిగారు. అప్పటికే నాలుగు పంపి ఉన్నాం, తెరిచి చూడలేదు. నాలుగో ఆయన థీమ్ మార్చమన్నారు. మారిస్తే హెడర్, మెనూ మారాయి, పేరాలు పాత రంగులోనే ఉండిపోయాయి. మేం మొదటి నుంచీ మొత్తుకుంటున్నది అదే కదా! ఐదోసారి ఫోన్‌లో 40 నిమిషాలు ఆపి, "టెక్నికల్ టీమ్ చూస్తుంది" అని పెట్టేశారు. ఆ టీమ్ నుంచి ఇప్పటిదాకా ఒక్క మాట లేదు.

రాత ఒకచోట, రూపం ఒకచోట ఉండాలనే సిఎస్ఎస్ (స్టైల్‌షీట్లు రాసే భాష) తొలి ప్రమాణం 1996 డిసెంబరులోనే వచ్చింది. మీ దగ్గర ఫుటర్ (పేజీ అడుగు భాగం) కూడా ప్రతి పేజీలో విడి కాపీయే. చిరునామా మారితే పేజీ పేజీకీ వెళ్లి దిద్దుకోవాలి. ఉపశీర్షికలు హెచ్2 ట్యాగులు (ఇది ఉపశీర్షిక అని బ్రౌజర్‌కు చెప్పే కోడ్) కావు, బోల్డ్ చేసిన పేరాలు. తెర మీది రాతను పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో చదివే చూపులేని పాఠకులు ఒక భాగం నుంచి ఇంకో భాగానికి దాటలేకపోతున్నారు. మాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

ఎనిమిదేళ్లుగా గడువుకు ముందే డబ్బు కడుతున్నాం. మా మాట మీద మరో మూడు పత్రికలు మీ దగ్గరికి వచ్చాయి. అలాంటి మాకు ఇచ్చే జవాబు ఇదేనా?

ట్యాగుల్లో రాసేసిన స్టైల్ అట్రిబ్యూట్లన్నీ తీసేసి, ఉపశీర్షికలకు హెచ్2, పద్యాలకు ఒక క్లాస్ (స్టైల్‌షీటు గుర్తుపట్టే పేరు) పెట్టి, వ్యాసాలన్నీ శుభ్రమైన హెచ్‌టీఎంఎల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి ఇవ్వండి. హెడర్, ఫుటర్ ఒక్కొక్క ఫైలులో ఉండాలి. నెలాఖరులోగా అందకపోతే రెన్యువల్ ఆపేస్తాం, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేస్తాం, ఆ మూడు పత్రికలకూ ఈ లేఖ పంపుతాం.

ఇట్లు,
పత్రిక నిర్వాహక బృందం