ఖరీదైన ఇంజెక్షన్‌కు ముందు టీబీ సంగతి తేల్చాలి

సంపాదకులకు,

అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్ అనే దీర్ఘకాలిక పేగు జబ్బులకు ఇప్పుడు మంచి మందులున్నాయి. క్రోన్స్‌కు ఇన్‌ఫ్లిక్సిమాబ్‌ను 1998లో అమెరికా అనుమతించింది. తర్వాత అడాలిముమాబ్, వెడోలిజుమాబ్, ఉస్టెకినుమాబ్ ఇంజెక్షన్లు, టోఫాసిటినిబ్, ఉపాడాసిటినిబ్ మాత్రలు వచ్చాయి. అడాలిముమాబ్‌కు ప్రపంచంలోనే మొదటి బయోసిమిలర్‌ను (అసలు ఇంజెక్షన్‌ను పోలిన మందును) 2014 డిసెంబరులో మన దేశంలోనే జైడస్ విడుదల చేసింది. టోఫాసిటినిబ్ జనరిక్ మాత్రలూ తక్కువ ధరకే దొరుకుతున్నాయి. స్టెరాయిడ్ల మీదే ఏళ్లు నెట్టుకొచ్చిన రోగులకు ఇది నిజంగా ఊరట. అయితే ఈ మందులు మొదట వాడుకలోకి వచ్చిన దేశాల్లో అంతగా లేని చిక్కు ఒకటి మనకుంది. అది టీబీ.

మనలో చాలామంది ఒంట్లో టీబీ క్రిమి ఏ లక్షణమూ లేకుండా ఏళ్ల తరబడి పడి ఉంటుంది. దాని చుట్టూ రోగనిరోధక కణాలు కట్టిన గోడ చెదరకుండా చూసేది టీఎన్‌ఎఫ్ అనే పదార్థం. ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ అడ్డుకునేది సరిగ్గా దాన్నే. అందుకే మొదటి డోసుకు ముందే ఛాతీ ఎక్స్‌రే, అనుమానముంటే సీటీ స్కాన్, చర్మం మీద చేసే మాంటూ పరీక్ష, ఇగ్రా రక్తపరీక్ష చేయించాలి. వీటితోపాటు హెపటైటిస్-బి, సి, హెచ్‌ఐవీ పరీక్షలూ ఉండాలి. స్టెరాయిడ్లు వాడుతున్నవారిలో మాంటూ, ఇగ్రా రెండూ తప్పుగా నెగెటివ్ చూపవచ్చు. కాబట్టి జబ్బు నిర్ధారణ అయిన రోజునే, స్టెరాయిడ్ మొదలుపెట్టక ముందే ఈ పరీక్షలు చేయించుకోవడం ఉత్తమం. పాజిటివ్ వచ్చి, టీబీ జబ్బు లేదని తేలితే రోజుకు 300 మి.గ్రా. ఐసోనియాజిడ్ 6 నెలలు ఇస్తారు, లేదా ఐసోనియాజిడ్, రిఫాపెంటిన్ కలిపి వారానికొకసారి చొప్పున 12 వారాలు ఇస్తారు. అది మొదలై కనీసం నెల గడిచాక బయోలాజిక్ (ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి ఇంజెక్షన్) ఇవ్వడం మేలు. ఇక్కడ చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. రిఫాంపిసిన్, రిఫాపెంటిన్ అనే టీబీ మందులు కాలేయంలో టోఫాసిటినిబ్‌ను త్వరగా కరిగించేస్తాయి. రోగి రెండూ మింగుతుంటాడు, పేగు జబ్బు మాత్రం తగ్గదు. టోఫాసిటినిబ్ ఇవ్వాలనుకున్నవారికి ఐసోనియాజిడ్ ఒక్కదానితో చికిత్స చేయడమే సబబు.

పరీక్షలన్నీ నెగెటివ్ వచ్చినవారికీ తర్వాత టీబీ రావచ్చు. ఊపిరితిత్తుల్లోనే వస్తుందని లేదు, మెడ గ్రంథుల్లో, పొట్టలో కూడా వస్తుంది. మందు వాడుతుండగా సాయంకాలపు జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం కనిపిస్తే తర్వాతి డోసు వేయకుండా ముందు డాక్టరుకు చెప్పాలి.

అసలు ఇంకా ముందు తేల్చాల్సిన ప్రశ్న, ఇది క్రోన్సేనా, పేగు టీబీయా అని. రెండూ చిన్నపేగు చివర, పెద్దపేగు మొదట్లోనే ఎక్కువగా పుడతాయి. రెండింటిలోనూ పుండ్లు, పేగు సన్నబడటం కనిపిస్తాయి. టీబీని క్రోన్స్ అనుకుని ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఇస్తే ప్రాణం మీదికి వస్తుంది. బయాప్సీతో తేలనప్పుడు టీబీ మందులు మొదలుపెట్టి, 2 నెలలకు మళ్లీ కొలనోస్కోపీ (పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష) చేసి పుండ్లు మానాయో లేదో చూడాలి. కడుపునొప్పి తగ్గిందన్న మాట చాలదు, ఎందుకంటే క్రోన్స్ రోగుల్లోనూ కొందరికి టీబీ మందులతో బాగున్నట్టే అనిపిస్తుంది. పుండు మానిందా అన్నదే కొలమానం. ఆ రెండో కొలనోస్కోపీ చేయకుండా ఒకటి తర్వాత ఒకటి టీబీ కోర్సులు వాడించడం వల్ల క్రోన్స్ రోగుల పేగులు మూసుకుపోయి ఆపరేషన్ దాకా వెళ్తున్నాయి. ఈ ఒక్క అలవాటు మారినా ఎంతో మేలు.

టీబీ భయం ఎక్కువగా ఉన్నచోట వెడోలిజుమాబ్ ఒక దారి. అది ప్రధానంగా పేగులోనే పనిచేస్తుంది. కానీ నెమ్మది, ఫలితానికి 14 వారాలు కూడా పట్టవచ్చు. రోజుకు ఆరు, అంతకంటే ఎక్కువసార్లు రక్తవిరేచనాలు, జ్వరం, నాడి నిమిషానికి 90 దాటిన రోగికి అంత వ్యవధి ఉండదు. అతన్ని వెంటనే చేర్చుకుని నరంలోకి స్టెరాయిడ్ ఇవ్వాలి. మూడో రోజుకు గుణం లేకపోతే ఇన్‌ఫ్లిక్సిమాబ్ గానీ, రోగనిరోధక శక్తిని అణచే సైక్లోస్పోరిన్ గానీ ఇవ్వాలి, సర్జన్‌ను మొదటి రోజే పిలిచి ఉంచాలి. టీబీ, హెపటైటిస్ పరీక్షలకు రక్తం చేర్చుకున్న రోజే తీసి పంపకపోతే మూడో రోజున చేతులు కట్టుకుని కూర్చోవాల్సి వస్తుంది.

డబ్బు చాలక మధ్యలో ఆపడం మరో పెద్ద నష్టం. ఇన్‌ఫ్లిక్సిమాబ్ కిలో బరువుకు 5 మి.గ్రా. చొప్పున 0, 2, 6 వారాల్లో, తర్వాత ప్రతి 8 వారాలకు ఇవ్వాలి. మూడు డోసులకు బాగైందని మానేసి, జబ్బు తిరగబెట్టాక మళ్లీ మొదలుపెడితే, ఈలోగా శరీరం ఆ మందుకు విరుగుడుగా యాంటీబాడీలు తయారుచేసి ఉంటుంది. సెలైన్ ఎక్కుతుండగానే ఆయాసం, దద్దుర్లు, బీపీ పడిపోవడం చూస్తాం. కొందరికి మందు ఇక పనిచేయదు. కాబట్టి మొదటి డోసుకు కాదు, కనీసం ఏడాదికి ఖర్చు లెక్క వేసుకున్నాకే మొదలుపెట్టాలి. అడాలిముమాబ్ ఇంట్లో పెట్టుకునేవారు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో ఉంచాలి, ఫ్రీజర్‌లో కాదు. ప్రయాణంలో ఐసుగడ్డకు తగిలి గడ్డకట్టిన సిరంజిని పారేయాల్సిందే.

టోఫాసిటినిబ్ చవక కాబట్టి పాత చీటీతోనే మళ్లీ మళ్లీ కొనడం మొదలైంది. 10 మి.గ్రా. రోజుకు రెండుసార్లు 8 వారాలు, గుణం కనిపిస్తే 5 మి.గ్రా.కు తగ్గించాలి. 16 వారాలకూ ఫలితం లేకపోతే ఆపేయాలి. రక్తకణాలు, కొలెస్ట్రాల్ చూస్తుండాలి. అక్కి రావచ్చు గనుక వీలైతే ముందే దాని టీకా వేయించుకోవాలి. పొగతాగేవారికి, 65 దాటినవారికి, గుండెజబ్బున్నవారికి, గతంలో రక్తం గడ్డకట్టినవారికి వేరే మందు చూడాలి. గర్భం కోరుకునే స్త్రీలకు ఇది ఇవ్వకూడదు.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలకు మా విన్నపం: ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్యసేవల్లో ఈ జబ్బులకు ఒక్కొక్క అడ్మిషన్‌కు ప్యాకేజీ లెక్కగట్టే పద్ధతి సరిపోదు. టీబీ పరీక్షలు, నివారణ మందులు, ఏడాది పొడవునా డోసులు, మధ్యలో పేగు వాపును తెలిపే మలంలో కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష, అన్నీ ఒకే మంజూరు కింద ఉండాలి.

ఏఎన్‌ఎంలకు, ప్రసూతి వైద్యులకు ఒక మాట. ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ గర్భం చివరి నెలల్లో మాయ దాటి బిడ్డలోకి చేరతాయి, పుట్టాక నెలల తరబడి ఉంటాయి. అలాంటి బిడ్డకు బీసీజీ (బలహీనపరిచిన బతికున్న క్రిమితో చేసే టీబీ టీకా) వేయగా అది ఒళ్లంతా పాకి మరణించిన సంఘటన 2010లో వైద్య పత్రికలో నమోదైంది. మన దగ్గర బీసీజీ పుట్టిన వెంటనే వేస్తారు. కాబట్టి తల్లి వాడుతున్న మందు పేరు, చివరి డోసు తేదీ తల్లీబిడ్డల కార్డు మొదటి పేజీలో ఎర్ర ఇంకుతో రాసి, పిల్లల డాక్టరు చెప్పేవరకు బీసీజీ ఆపాలి. బతికున్న క్రిమి లేని టీకాలన్నీ వేళకు వేయవచ్చు.

ఇట్లు,
జీర్ణకోశ వ్యాధుల వైద్యులు కొందరు,
హైదరాబాద్